బరి గీసినోడెవడు?

ఖర్చు లేని ఆట ఒకటుంది. టీ బంకు దగ్గరో, రచ్చబండ మీదో, హాస్టల్ గదిలోనో నలుగురు కుర్రాళ్ళు కూడితే చాలు, మొదలవుతుంది. "అన్నా, అలీ, టైసన్ ఇద్దరూ మంచి వయసులో ఉండగా తలపడితే ఎవడు గెలిచేవాడు?" ఒకడు అలీ అంటాడు, ఇంకొకడు టైసన్ అంటాడు. ఫోన్లు తీసి పాత పోటీలు చూపించుకుంటారు. గొంతులు లేస్తాయి. చివరికి నాలుగు ముక్కలు చదివినవాడొకడు లేచి, "మీ మాటలు కాదురా, రికార్డు చూడండి. రికార్డు అబద్ధం చెప్పదు" అంటాడు. అందరి నోళ్ళూ మూతపడతాయి.

నా తగాదా ఆ చివరి మాటతోనే. రికార్డు అబద్ధం చెబుతుంది. బాక్సింగ్‌లో అన్నిటికంటే పెద్ద కిరీటం హెవీవెయిట్ ఛాంపియన్ పదవి. 1882 నుంచి 1937 దాకా, మధ్యలో ఒక్క ఆరేళ్ళు మినహాయిస్తే, ఆ కిరీటం రికార్డు మొత్తం అబద్ధమే. గెలిచినవాళ్ళు గెలవలేదని కాదు. గెలవగలిగినవాళ్ళను బరిలోకే రానివ్వలేదు. పందెం కోడికి బరి గీసేటప్పుడు ఏ కోడి లోపలికి రావాలో బరి గీసినవాడే తేల్చేస్తే, ఆ పందెంలో గెలిచిన కోడిని ఊరంతటికీ మొనగాడంటే ఒప్పుకుంటామా?

"ఆ ఛాంపియన్ ఇంకో కాలంలో పుడితే ఏమయ్యేవాడు?" అని అడగడం తప్పు కాదు. కానీ అడిగే పద్ధతి ఒకటుంది. ముందు ఆ ఆటను పెద్దమనుషులు ఎలా ఆడారో చూద్దాం. తరవాత మనం ఆడదాం.

కంప్యూటర్ తీర్పు

1967లో మయామీ నగరంలో మర్రీ వోరోనర్ అనే రేడియో వ్యాపారి ఒక పథకం వేశాడు. చచ్చినవాళ్ళూ బతికున్నవాళ్ళూ కలిపి పదహారు మంది పేరుమోసిన హెవీవెయిట్ల వివరాలు ఒక కంప్యూటర్‌కి ఎక్కించాడు. ఎవడి బలం ఎంత, వేగం ఎంత, ఎన్ని గెలిచాడు, ఎన్ని ఓడాడు, అన్నీ అంకెలుగా మార్చాడు. యంత్రం తేల్చిన ఫలితాన్ని నిజంగా పోటీ జరుగుతున్నట్టే రేడియోలో వినిపించాడు. జనం చెవులప్పగించి విన్నారు.

అందులో మహమ్మద్ అలీని ఎవరు ఓడించారో తెలుసా? జిమ్ జెఫ్రీస్. ఈ జెఫ్రీస్ 1899 నుంచి 1905 దాకా ఛాంపియన్. ఆ ఆరేళ్ళలో ఒక్క నల్లవాడికి కూడా కిరీటం కోసం తలపడే అవకాశం ఇవ్వలేదు. అలాంటి మనిషిని, చచ్చిన పద్నాలుగేళ్ళకు, యంత్రంలో నల్లవాడి మీద గెలిపించారు. అదే 1967లో అలీ వియత్నాం యుద్ధానికి పోనన్నాడు. అతని కిరీటం ఊడదీశారు, లైసెన్సు లాగేశారు, అయిదేళ్ళ జైలు శిక్ష వేశారు. నిజం బరిలో కొట్టలేనివాణ్ణి కోర్టులో ఒకరు, రేడియోలో ఒకరు పడగొట్టారు.

అలీ పరువునష్టం కింద పది లక్షల డాలర్లకు దావా వేశాడు. అది రాజీకి వచ్చింది. ఆ రాజీలో భాగంగా 1969లో అలీ, రాకీ మార్సియానో కలిసి ఒక సినిమాలో ఉత్తుత్తి పోటీ ఆడారు. మార్సియానో అప్పటికి ఆట మానేసి పదమూడేళ్ళు. బట్టతల కనబడకుండా విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. 1970 జనవరిలో అమెరికా సినిమా హాళ్ళలో వేశారు. పదమూడో రౌండులో మార్సియానో అలీని పడగొట్టాడని యంత్రం తీర్పు. హాల్లో కూర్చున్న తెల్లవాళ్ళ కడుపు చల్లబడింది. ఆ కంప్యూటర్ అలబామాలో తయారై ఉంటుందని అలీ ఎగతాళి చేశాడు. అలబామా అంటే నల్లవాళ్ళకు వేరే కుళాయి, వేరే బడి, వేరే సీటు పెట్టిన రాష్ట్రం.

మార్సియానోను నేను తప్పు పట్టడం లేదు. చెప్పుల ఫ్యాక్టరీలో పని చేసిన వలస కూలీ కొడుకు. ఆడిన 49 పోటీలూ గెలిచాడు. జో లూయిస్, వాల్కాట్, ఎజార్డ్ ఛార్లెస్, ఆర్చీ మూర్ లాంటి నల్ల యోధులతో నేరుగా తలపడే గెలిచాడు. అతని రికార్డు అతని కష్టార్జితం. నా ప్రశ్న యంత్రానికి మేత వేసినవాళ్ళకు. యంత్రానికి రంగు లేదు, కులం లేదు అంటారు. నిజమే. కానీ అది తినేది రికార్డునే కదా! జెఫ్రీస్ 1905లో రిటైరయినప్పుడు ఒక్క ఓటమీ లేదు. ఎందుకు లేదు? ఓడించగలవాడికి తలుపు తియ్యలేదు కనుక. ఆ తలుపు సంగతి యంత్రానికి ఎవడూ చెప్పలేదు.

ఇప్పుడు మన వంతు. ఆ జెఫ్రీస్ తలుపు దగ్గర నిలబడి తట్టినవాణ్ణే తీసుకుందాం. అతని పేరు జాక్ జాన్సన్. అతన్ని చెయ్యి పట్టుకుని ఒక్కో కాలానికీ నడిపించి చూద్దాం.

అతని సొంత కాలం

జాన్సన్ 1878లో టెక్సాస్ రాష్ట్రం గాల్వెస్టన్ రేవు పట్నంలో పుట్టాడు. అమ్మానాన్నలు ఇద్దరూ ఒకప్పుడు బానిసలు. 1903కే నల్లవాళ్ళలో హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అవునండీ, నల్లవాళ్ళకు వేరే కిరీటం ఉండేది. వేరే గ్లాసు ఉన్నట్టే.

జెఫ్రీస్ తలపడనన్నాడు, రిటైరైపోయాడు. తరవాత కిరీటం కెనడావాడు టామీ బర్న్స్‌కి దక్కింది. జాన్సన్ అతని వెంట పడ్డాడు. ఇంగ్లండ్ వెళితే ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వెళితే ఆస్ట్రేలియా. చివరికి బర్న్స్ 30,000 డాలర్లు ఇస్తే తలపడతానన్నాడు. జాన్సన్‌కి ముట్టింది 5,000. 1908 డిసెంబర్ 26న సిడ్నీలో పోటీ. జాన్సన్ నవ్వుతూ, జనంతో మాట్లాడుతూ కొట్టాడు. పద్నాలుగో రౌండులో పోలీసులు బరిలోకి వచ్చి ఆపేశారు. సినిమా కెమెరాలు కూడా ఆపించారు. తెల్ల ఛాంపియన్ నల్లవాడి కాళ్ళ దగ్గర పడటం ప్రపంచం చూడకూడదు!

ఆ పోటీ చూసిన ప్రఖ్యాత రచయిత జాక్ లండన్ పత్రికలో ఏం రాశాడు? పొలం పనిలో ఉన్న జెఫ్రీస్ లేచి వచ్చి జాన్సన్ నవ్వు తుడిచెయ్యాలని పిలుపిచ్చాడు. కూలీల కోసం రాసిన మనిషి, సోషలిస్టు. రంగు దగ్గరికి వచ్చేసరికి అతని కలం కూడా తెల్లబడింది. ఇలాంటి అభ్యుదయవాదులు మనకు కొత్త కాదు.

జెఫ్రీస్ వచ్చాడు. నలభై కిలోలకు పైగా ఒళ్ళు తగ్గించుకుని మరీ వచ్చాడు. 1910 జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం, రీనో పట్నం, మండుటెండ. పోటీ నలభై అయిదు రౌండ్లు అన్నారు. పదిహేనో రౌండుకే అయిపోయింది. అంతకుముందు జీవితంలో నేల చూడని జెఫ్రీస్ మూడుసార్లు నేల చూశాడు.

ఆ రాత్రి అమెరికాలో పదుల పట్టణాల్లో తెల్లమూకలు నల్లవాళ్ళ మీద పడ్డాయి. పది మందికి పైగా చనిపోయారు. వాళ్ళు బాక్సింగ్ ఆడినవాళ్ళు కాదు. తమవాడు గెలిచాడని నవ్వినవాళ్ళు, ఒక్కరోజు తల ఎత్తి నడిచినవాళ్ళు. మనోడు పరీక్షలో ఫస్టు వస్తేనో, పెళ్ళిలో గుర్రమెక్కితేనో ఎవరి గుండె మండుతుందో ఎరిగినవాళ్ళకు ఈ సంగతి విడమరచక్కర్లేదు.

ఆ తరవాత చట్టాల వంతు. 1912లో బాక్సింగ్ సినిమాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపకూడదని అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. నల్లవాడు గెలవడం జనం చూడకుండా ఒక చట్టం! అదీ సరిపోలేదు. ఆడవాళ్ళను వ్యభిచారానికి రాష్ట్రాలు దాటించకూడదనే చట్టం ఒకటి 1910లో వచ్చింది. జాన్సన్ తెల్ల ఆడవాళ్ళతో తిరిగాడు, వాళ్ళను పెళ్ళాడాడు. ఆ చట్టం కింద కేసు పెట్టారు. మొదటి కేసులో సాక్షి కావాల్సిన అమ్మాయి ఎదురు చెప్పనంది, అతన్నే పెళ్ళి చేసుకుంది. అప్పుడు పాత స్నేహితురాలిని వెతికి పట్టుకొచ్చారు. 1913లో మొత్తం తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ దోషి అంది. శిక్ష ఏడాది మీద ఒక రోజు. అతను దేశం విడిచి పారిపోయాడు. 1915 ఏప్రిల్ 5న హవానాలో, ముప్పై ఏడేళ్ళ వయసులో, ఇరవై ఆరో రౌండులో జెస్ విల్లార్డ్ చేతిలో ఓడాడు. 1920లో తిరిగొచ్చి లొంగిపోయి జైలు శిక్ష అనుభవించాడు.

ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. జాన్సన్ దేవుడు కాదు. కట్టుకున్నదాన్ని కొట్టిన మనిషి. అది మనం కడుపులో పెట్టుకోవాల్సిన పని లేదు. కానీ గమనించండి: ఆ దెబ్బలకు అతన్ని ఏ కోర్టూ అడగలేదు. తెల్ల ఆడమనిషిని కొట్టినందుకు కాదు, ప్రేమించినందుకు జైల్లో వేశారు. ఆడదాని మీద జాలితో వచ్చిన కేసు కాదది. రంగు గీత దాటినందుకు వచ్చిన కేసు.

1890లో అయితే?

జాన్సన్‌ను ఒక ఇరవై ఏళ్ళు వెనక్కి తీసుకుపోదాం. అప్పటి ఛాంపియన్ జాన్ ఎల్. సల్లివాన్. ఎవడైనా రండి, కొడతానని తొడగొట్టేవాడు. కానీ నల్లవాడితో మాత్రం ఆడనని బాహాటంగా చెప్పాడు. అప్పుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నల్ల యోధుడు పీటర్ జాక్సన్ ఉన్నాడు. ఒద్దికైన మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. జాన్సన్‌లా నవ్వలేదు, కవ్వించలేదు, తెల్ల ఆడవాళ్ళతో తిరగలేదు. 1891లో జిమ్ కార్బెట్‌తో అరవై ఒక్క రౌండ్లు ఆడాడు, ఎవరూ ఓడలేదు. మరుసటి ఏడాది అదే కార్బెట్ సల్లివాన్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. జాక్సన్‌కి కిరీటం కోసం పోటీ మాత్రం దక్కలేదు. 1898లో జబ్బుతో, వయసు మీరి ఉన్న జాక్సన్‌ను కుర్ర జెఫ్రీస్ మూడు రౌండ్లలో కొట్టేశాడు. అది జెఫ్రీస్ ఖాతాలో గొప్ప గెలుపుగా చేరింది. జాక్సన్ 1901లో క్షయతో చనిపోయాడు.

"మంచిగా ఉంటే మంచిగా చూస్తారు" అని మనకు సుద్దులు చెప్పేవాళ్ళు పీటర్ జాక్సన్ కథ చదవాలి. ఎంత మంచిగా ఉన్నా తలుపు తియ్యలేదు. 1890లో జాక్ జాన్సన్ పుట్టిపెరిగి ఉంటే పీటర్ జాక్సన్ గతే అతనికీ పట్టేది. బలం తక్కువై కాదు, బరిలోకి దిగనివ్వక.

మన భారతంలో ఈ కథ ముందే ఉంది. కర్ణుడు బరిలో నిలబడి అర్జునుణ్ణి పిలిచాడు. కృపాచార్యుడు విల్లు సంగతి అడగలేదు. నీ వంశమేది, నీ తల్లిదండ్రులెవరని అడిగాడు. ఆ రోజు అర్జునుడు గెలవలేదు. ఆటే జరగలేదు. అయినా విలువిద్యలో మేటి ఎవడంటే అర్జునుడి పేరే చెబుతారు.

1920లలో అయితే?

ఇప్పుడు ముందుకు నడిపిద్దాం. 1919 నుంచి 1926 దాకా ఛాంపియన్ జాక్ డెంప్సీ. పిడుగులాంటి దెబ్బ. అమెరికా జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ కాలంలో అతనికి సరిజోడు హారీ విల్స్, న్యూ ఆర్లియన్స్ నల్లవాడు. న్యూయార్క్ బాక్సింగ్ కమిషనే విల్స్‌తో తలపడమని డెంప్సీని నిలదీసింది. ఏళ్ళ తరబడి నానబెట్టారు. ఇవాళ కాదు, రేపు. ఇక్కడ కాదు, అక్కడ. చివరికి 1926లో పోటీని ఫిలడెల్ఫియాకు మార్చుకుని జీన్ టన్నీతో ఆడాడు డెంప్సీ. విల్స్ తన వయసంతా ఎదురుచూపులోనే పోగొట్టుకున్నాడు.

దీనికి ఏం సాకు చెప్పారు? రీనో రాత్రి మళ్ళీ జరుగుతుందని. ఒక నల్లవాడు గెలిస్తే తెల్లవాళ్ళు మనుషుల్ని చంపారు, కాబట్టి ఇంకో నల్లవాణ్ణి ఆడనివ్వకూడదట! చంపినవాడికి శిక్ష లేదు, చచ్చినవాడి తమ్ముడికి నిషేధం. ఊళ్ళో గొడవలవుతాయి, మీరే సర్దుకోండని మన పేటకొచ్చి చెప్పే పెద్దమనిషి గొంతు వినపడుతోందా?

1915 నుంచి 1937 దాకా ఇరవై రెండేళ్ళు ఒక్క నల్లవాణ్ణి హెవీవెయిట్ కిరీటం బరిలోకి రానివ్వలేదు. జాన్సన్ ఆ కాలంలో మంచి వయసులో ఉండి ఉంటే రికార్డు పుస్తకంలో చిన్న అక్షరాల్లో మిగిలేవాడు.

1937లో అయితే?

1937 జూన్ 22న జో లూయిస్ షికాగోలో బ్రాడాక్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. తలుపు తెరిచారు. ఉత్తినే తెరవలేదు. లూయిస్‌ను పైకి తెచ్చిన మేనేజర్లు, వాళ్ళూ నల్లవాళ్ళే, అతనికి నియమాలు పెట్టారు. తెల్ల ఆడమనిషి పక్కన ఫోటో దిగొద్దు. ఓడినవాడి మీద నిలబడి నవ్వొద్దు. నోరు జారొద్దు. ఒక్క ముక్కలో, జాక్ జాన్సన్‌లా ఉండొద్దు. బరిలో పిడికిలి బిగించు, బయట తల వంచు.

లూయిస్ వంచాడు. దాదాపు పన్నెండేళ్ళు ఛాంపియన్‌గా ఉన్నాడు, ఇరవై అయిదుసార్లు కిరీటం నిలబెట్టుకున్నాడు. 1938లో జర్మనీవాడు ష్మెలింగ్‌ను మొదటి రౌండులోనే చితక్కొడితే దేశమంతా మావాడంది. 1942లో రెండు పోటీల సొమ్ము సైన్యం సహాయనిధులకు ఇచ్చాడు, తనే సైన్యంలో చేరాడు. ఏ సైన్యం? నల్లవాళ్ళకు వేరే పటాలం పెట్టిన సైన్యం. యుద్ధమయ్యాక అదే ప్రభుత్వం పన్ను బకాయిలంటూ ఏళ్ళ తరబడి పీక్కుతింది. చివరి రోజుల్లో లాస్ వేగాస్ జూదశాలలో వచ్చేవాళ్ళకు నమస్కారాలు పెట్టే కొలువు చేశాడు.

నవ్వొద్దన్న నియమాన్ని జాన్సన్ ఒక్క రోజు పాటించేవాడా? అందుకే 1937లో అయినా అతనికి టికెట్టు దొరికేది కాదు. లూయిస్‌ను నిందించకండి. అతను తల వంచి సందు చేశాడు, ఆ సందులోంచే వెనకవాళ్ళు వచ్చారు. కానీ తల వంచకపోతే సందే దొరకని కాలాన్ని మంచి కాలమని అనకండి.

1967లో అయితే?

ఇది చెప్పక్కర్లేదు. 1967లో జాన్సన్ పేరు మహమ్మద్ అలీ. అదే నోరు, అదే నవ్వు, అదే ధిక్కారం. జాన్సన్ జీవితం మీద వచ్చిన నాటకం చూసి, ఆడవాళ్ళ సంగతి తీసి మతం సంగతి పెడితే ఇది నా కథేనన్నాడు అలీ. జాన్సన్ మీద ఒక చట్టం, అలీ మీద ఇంకో చట్టం. జాన్సన్ ఏడేళ్ళు పరాయి దేశాల్లో తిరిగాడు. అలీని ఇరవై అయిదో ఏట నుంచి మూడున్నరేళ్ళు బరి ఎక్కనివ్వలేదు. బాక్సర్‌కి అదే పంట చేతికొచ్చే వయసు. 1971లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. పోయిన ఏళ్ళను ఏ కోర్టు తిరిగిస్తుంది? రికార్డులో ఆ మూడున్నరేళ్ళు ఖాళీగా కనబడతాయి. ఖాళీ కాదది, దొంగతనం.

ఇవాళ అయితే?

చివరికి కుర్రాళ్ళు అడిగే ప్రశ్నకే వద్దాం. ఇవాళ జాన్సన్ బరిలో దిగితే? ఇప్పుడు రంగు చూసి తలుపు మూసేవాడు లేడు. కాబట్టి ఇప్పుడే ఒళ్ళూ బలం మాట్లాడుకోవచ్చు. జాన్సన్ ఎత్తు ఆరడుగుల పైచిలుకు, బరువు రీనోలో సుమారు 94 కిలోలు. ఇవాళ టైసన్ ఫ్యూరీ ఆరడుగుల తొమ్మిదంగుళాలు, 115 కిలోలు దాటిన మనిషి. అప్పటిలా నలభై అయిదు రౌండ్లు లేవు, పన్నెండే. చేతికి పల్చటి గ్లవ్స్ లేవు, రెట్టింపు మందం. కష్టమేనంటారా? 2024లో రియాద్‌లో ఉసిక్ తనకంటే పదిహేను కిలోలకు పైగా బరువున్న ఫ్యూరీని ఓడించాడు. అడుగు వేగం, కంటి చూపు, కాచుకునే తెలివి ఉంటే ఒళ్ళు ఒక్కటే గెలవదని తేల్చాడు. జాన్సన్ విద్య కూడా అదే. వచ్చే దెబ్బను చేత్తో పట్టేసి, ఎదుటివాడు అలిసేదాకా ఆగి, కింద నుంచి గడ్డం కింద కొట్టడం. నేటి తిండి, నేటి కసరత్తు ఇస్తే నిలబడేవాడనే నా లెక్క. అలాగే ఫ్యూరీని ఎండలో నలభై అయిదు రౌండ్లకు నిలబెడితే ఎక్కడిదాకా నిలబడేవాడో కూడా అడగండి. ఈ వాదం ఎంతసేపైనా చెయ్యొచ్చు, సరదాగా చెయ్యొచ్చు. తలుపు తెరిచి ఉంది కనుక.

జాన్సన్ మూసిన తలుపు

ఇక చేదు నిజం. ఛాంపియన్ అయ్యాక జాన్సన్ కూడా తోటి నల్లవాళ్ళకు తలుపు మూశాడు. సామ్ లాంగ్‌ఫోర్డ్, జో జానెట్, సామ్ మెక్‌వే కిరీటం కోసం అడుగుతూనే ఉన్నారు. అతను తెల్లవాళ్ళతోనే ఆడాడు. నల్లవాడితో కిరీటం పోటీ అంటే 1913లో పారిస్‌లో బాట్లింగ్ జిమ్ జాన్సన్‌తో ఆడిన ఒక్కటే. అదీ తేలకుండా ముగిసింది. తెల్లవాడు ఓడతాడేమో చూద్దామని వచ్చే జనం దగ్గరే డబ్బుందని అతని లెక్క.

లాంగ్‌ఫోర్డ్ కెనడా నుంచి వచ్చిన అయిదడుగుల ఏడంగుళాల మనిషి. తనకంటే జానెడు ఎత్తున్నవాళ్ళను పడగొట్టాడు. ఏ తెల్ల ఛాంపియనూ, నల్ల ఛాంపియనూ అతనికి హెవీవెయిట్ కిరీటం పోటీ ఇవ్వలేదు. నల్లవాళ్ళు మళ్ళీ మళ్ళీ తమలో తామే కొట్టుకోవాలి. లాంగ్‌ఫోర్డ్, హారీ విల్స్ ఒకరితో ఒకరు పదిహేనుసార్లకు పైగా తలపడ్డారు. ఊరి చెరువు నీళ్ళు దొరక్క వాడలో బావి దగ్గర మనమే కొట్టుకున్నట్టు. చివరికి లాంగ్‌ఫోర్డ్ చూపు పోయింది. 1944లో ఒక విలేఖరి వెతికి పట్టుకునేసరికి హార్లెంలో చీకటి గదిలో, చేతిలో చిల్లి గవ్వ లేకుండా ఉన్నాడు.

మనవాడు పైకెక్కి నిచ్చెన లాగేస్తే, మనవాడు కదా అని ఊరుకుంటామా? జాన్సన్‌ను తలకెత్తుకుందాం. లాంగ్‌ఫోర్డ్ సంగతి కూడా అడుగుదాం. రెండూ చెయ్యగలిగితేనే మన చరిత్ర మనం రాసుకున్నట్టు.

ఆ కథ మనకెందుకు?

అమెరికా గొడవ మనకెందుకంటారా? 1913 వేసవిలో జాన్సన్ అమెరికా విడిచి పారిపోయాడు. అదే ఏడాది జూలైలో బాబాసాహెబ్ అంబేద్కర్ చదువు కోసం న్యూయార్క్‌లో దిగాడు. జాన్సన్ తరఫున 1914లోనే కలమెత్తిన నల్ల మేధావి డుబాయ్స్‌కు అంబేద్కర్ 1946లో ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళ సంగతీ అంటరానివాళ్ళ సంగతీ ఒక్కలాంటివని గుర్తించే రాశాడు. 1972లో బొంబాయి దళిత కుర్రాళ్ళు బ్లాక్ పాంథర్ల పేరు చూసి దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నారు. ఇది అరువు చుట్టరికం కాదు.

మన బరిలోనూ జాన్సన్ కాలంలోనే ఒకడున్నాడు. పల్వాంకర్ బాలూ, చమార్ కులస్తుడు. పూనా క్రికెట్ క్లబ్బుల్లో పిచ్ చదును చేసే పనివాడిగా మొదలై, దొరలకు బంతులు వేసి వేసి దేశంలోనే మేటి స్పిన్నర్ అయ్యాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి వందకు పైగా వికెట్లు తీశాడు. పూనాలో అతని బంతి అగ్రవర్ణాలకు కావాలి, అతనికి టీ మాత్రం బయట, మట్టి ముంతలో. హిందూ జట్టుకు కెప్టెన్‌ని ఒక్కసారి కూడా చెయ్యలేదు. అతని తమ్ముడు విఠల్‌కు 1923లో ఆ పదవి దక్కింది. "బాలూకు నాయకత్వ లక్షణం ఉందా?" అని రికార్డును అడిగితే ఏం చెబుతుంది? కెప్టెన్‌గా గెలుపులు సున్నా అంటుంది. అదీ రికార్డు!

అందుకే కుర్రాళ్ళకు చెబుతున్నాను. ఆట మానొద్దు. అలీయా టైసనా అని హాయిగా వాదించుకోండి. కానీ ఎవడైనా రికార్డు చేతిలో పట్టుకుని వచ్చి ప్రతిభ అంటే ఇదేరా అన్నప్పుడు, అది బాక్సింగైనా, కాలేజీ సీటైనా, ఉద్యోగమైనా, మూడు ప్రశ్నలు అడగండి. ఈ బరి ఎవడు గీశాడు? గీసినప్పుడు బయట ఎవణ్ణి నిలబెట్టాడు? లోపలికొచ్చినవాడు వెనకవాడికి తలుపు తెరిచి ఉంచాడా, మూశాడా? ఈ మూడింటికీ జవాబు లేని రికార్డు చిత్తు కాగితం.

జాన్సన్ 1946లో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఒక హోటల్లో నల్లవాడని అవమానిస్తే కోపంతో బండి వేగంగా తోలాడని చెబుతారు. 2018లో అమెరికా అధ్యక్షుడు అతనికి క్షమాభిక్ష ఇచ్చాడు. చచ్చిన డెబ్బై రెండేళ్ళకు! నేరం చేసిందెవరు, క్షమించిందెవరు? అడగాల్సినవాళ్ళు ఇవ్వడమేమిటి?

సిడ్నీలో కెమెరాలు ఆపించారు కాబట్టి ఆ చివరి దెబ్బ బొమ్మ ఇవాళ్టికీ ఎక్కడా లేదు. అందుకే నోటితోనైనా చెప్పుకుంటున్నాం. మీ వాడలో కుర్రాళ్ళకు మీరూ చెప్పండి.